ద్రావకం పోయని ప్లేట్లు

ప్లేట్లక్కకు కోపం ముక్కు మీదే ఉంటుందని ప్రయోగశాలలో అందరికీ తెలుసు. పందొమ్మిదేళ్లుగా అక్కడ గుండ్రటి ప్లేట్లలో కణాలను పెంచేది ఆమే. వాటికి మేత వేయాలన్నా, ఇరుకైతే వేరు కాపురం పెట్టించాలన్నా ఆమే. ప్రతి ప్రయోగం కింద పుస్తకంలో ఆమె సంతకం ఉండాల్సిందే.

"కణం రెండుగా చీలాలంటే కైనేజ్‌లనే ప్రోటీన్లు ఒప్పుకోవాలి. అదో పెద్ద కుటుంబం. ఒకరు బయల్దేరమంటారు, ఒకరు అన్నీ సర్దారా అని చూస్తారు, ఒకరు చెరిసగం పంచుతారు. వాళ్లలో ఒకడికి పిచ్చెక్కి, కానివ్వండి కానివ్వండి అంటూ కూర్చుంటే వచ్చిందే నీ క్యాన్సర్ గడ్డ" అని తమ్ముడి భార్యకు చెప్పింది ఒకసారి.

ఆ పిచ్చివాడి నోరు కట్టే మందునే ప్రయోగశాలలో కుర్ర పరిశోధకుడు చిన్నసారు పరీక్షిస్తున్నాడు. పోయిన వారం మందు వేసిన ప్లేట్లలో కణాలు చీలడం ఆగిపోయింది. ప్లేట్లక్క చెప్పులైనా విడవకుండా మరదలి దగ్గరికెళ్లి ఆ మాట చెప్పేసింది. ఆ పూట మరదలు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

మంగళవారం చూస్తే, నెలంతా రావాల్సిన ద్రావకం సీసా నాలుగు రోజులకే ఖాళీ. ఆ మందు నీళ్లలో కరగదు, ద్రావకంలోనే కరగాలి. అది ఎక్కువైతే మందు లేకపోయినా కణాల పీక నొక్కుతుంది. అందుకే పోల్చి చూడటానికి మందు వేయకుండా ఉంచే ప్లేట్లలోనూ అంతే పోయాలి.

"మందు లేని ప్లేట్లలో ద్రావకం పోశారా సార్?"

"మందే లేనప్పుడు ద్రావకం దేనికక్కా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నది ఇలాంటివాళ్లను చూసే. కొత్త సీసా తెరిచి, నాలుగు ప్లేట్లలో మందు లేకుండా ఉత్త ద్రావకం అంతే పోసి పెట్టింది. రెండు రోజులకు వాటిలోనూ ఒక్క కణం చీలలేదు.

ప్రయోగశాల నడిపే పెద్దసారు ఆ ప్లేట్లను చూసి నుదురు రుద్దుకున్నాడు.

"ఎల్లుండి ఫలితాలు చూడ్డానికి పైనుంచి పెద్దవాళ్లొస్తున్నారమ్మా. ఇప్పటికి సంతకం పెట్టు, తర్వాత మళ్లీ చేద్దాం."

"చేశాకే పెడతాను సార్."

"కణాలు పెంచడం నీ పని. తేల్చడం మా పని."

"పెంచేదాన్ని కాబట్టే తెలుసు, ఇది తేలలేదని." పుస్తకం మూసి, పెన్ను దానిమీద పెట్టి వచ్చేసింది. దారంతా వాళ్లను తిట్టింది. వాళ్లకంటే ఎక్కువగా, పోయిన వారం మరదలి దగ్గర ఆగని తన నోటిని తిట్టుకుంది.

మరదలు దుప్పటి మడత పెడుతోంది. ప్లేట్లక్క దాచకుండా అంతా చెప్పింది. మరదలి చేతులు ఆగిపోయాయి.

"సంతకం పెట్టలేదా వదినా?"

"లేదు."

"నాకు చెప్పకుండానైనా ఉండాల్సింది. ఇంకో నెల నమ్మేదాన్ని."

ఆమె గొంతులోనూ కోపమే. ప్లేట్లక్క దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడింది.

మర్నాడు అందరికంటే ముందే ప్రయోగశాల తలుపు తీసింది. మందు పనికిరాదనీ ఎవరూ తేల్చలేదు. ద్రావకం పదో వంతుకు తగ్గించి, ఈసారి అన్ని ప్లేట్లలోనూ సమానంగా పోయడం మొదలుపెట్టింది.