ఇళ్ళను చిన్నవి చేసే ఒడాలిస్

వయసులో ఉన్నప్పుడు ఒడాలిస్ పని ఫొటోలను పెద్దవి చేయడం. మతాన్సాస్ ఊళ్ళో సర్కారు స్టూడియో చీకటిగదిలో, ఎర్రదీపం కింద, పెళ్ళికూతుళ్ళ మొహాలను గోడకు వేలాడదీసేటంత పెద్దవి చేసేది. స్టూడియో మూతపడ్డాక, కళ్ళూ నడుమూ అరిగిపోయిన వయసులో, చిన్నవి చేసే పని నెత్తిన పడింది. పార్కు బెంచీల మీద కూర్చుంటే గానీ ఇంటర్నెట్ అందని ఊరది. గంట లెక్కన ఇంటర్నెట్ ఇచ్చే గీకుడు కార్డు కొనుక్కుని కూర్చున్నవాళ్ళ ఫొటో సగం ఎక్కేసరికి కార్డు కాస్తా అయిపోయేది. అందుకని ముందుగా ఒడాలిస్ దగ్గరికి వెళ్ళి, ఆమె కంప్యూటర్లో ఫొటోను చిన్నది చేయించుకునేవారు. పదిహేనో పుట్టినరోజు గౌన్లలో ఆడపిల్లలు, అమ్మకానికి పెట్టిన మంచాలు, అన్నిటికన్నా ఎక్కువగా ఇళ్ళు.

ఇల్లు అమ్మి ఇల్లు కొనడం మొన్నమొన్న వచ్చింది. ఇంటికి ఇల్లు మార్చుకోవడమే అమ్మల కాలం నుంచీ ఉన్న పద్ధతి. పూర్వం ఇల్లు మార్పిడికి ఉందని రాసి గుమ్మానికి అట్టముక్క కట్టేవారు, ఇప్పుడు ఫొటోలు పెడుతున్నారు. ఆ ఫొటోల్లో మనుషులుండకూడదు. ఇంకెవరో బతుకుతున్న ఇంట్లో తాము బతకడం చూసేవాళ్ళకు ఊహకందదట. అందుకని ఒడాలిస్ ముందు అంచులు కోసేది, తర్వాత కుదించేది. ఏ అంచు కోయమంటే ఆ అంచు. పెచ్చులూడిన కప్పు, తలుపు లేని స్నానాలగది, ఎవరి తాతో నిద్రపోతున్న మంచం. ఎందుకని అడిగేది కాదు. అడిగే ఓపిక ఎప్పుడో పోయింది.

ఆమె సొంత బాధ నాలుగో అంతస్తు. తల్లి ఎదెల్మిరాకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. ఒకసారి జ్వరమొస్తే ఇరుగుపొరుగు మగవాళ్ళు వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోశారు. మళ్ళీ పైకి తెచ్చేటప్పుడు, ఇంత బరువున్నావేంటి అవ్వా, వీధి రేషనంతా నువ్వే తింటున్నావా అని వేళాకోళమాడారు. ఎదెల్మిరా కూడా వాళ్ళతో నవ్వింది. వాళ్ళు వెళ్ళి తలుపు పడ్డాక మాత్రం, ఇక ఈ మెట్లు మళ్ళీ ఎక్కేది లేదు, అందుకని దిగేదీ లేదంది. ఆనాటి నుంచి వీధి ఆమెకు బాల్కనీలోంచి కనపడే వస్తువు. రొట్టెలవాడి కేక వినపడితే తొంగిచూసి, వెధవ టోపీ తప్ప ఏమీ కనపడి చావదని విసుక్కునేది. తల్లి పాదం ఒక్కసారి నేలమీద ఆనాలి. ఒడాలిస్‌కు మిగిలిన కోరిక అదొక్కటే.

సముద్రం కనపడే తమ పెద్ద వాటా ఇచ్చేసి, నేలమీద ఎంత చిన్న ఇల్లయినా పుచ్చుకోవడానికి సిద్ధపడి, ఒకరోజు తన ఇంటికి తానే ఫొటోలు తీయబోయింది. ఎదెల్మిరా పౌడరు రాసుకుని వచ్చి, ఊగే కుర్చీని గోడ దగ్గరికి లాగించుకుని కూర్చుంది. లేవమంటే లేవలేదు.

"ఫొటోలో మనుషులు ఉండకూడదమ్మా."

"నా అందం చూపించుకోడానికి కూచున్నాననుకున్నావా? నేను లేస్తే వెనకాల మరక కనపడుద్దే పిచ్చిదానా."

నిజమే. డాబా మీది నీళ్ళ ట్యాంకు కారి కారి ఆ గోడమీద దుప్పటంత తడిమరక తేలింది. తల్లి అడ్డం కూర్చున్నా దాని కొసలు కనపడుతూనే ఉన్నాయి. ఒడాలిస్ తల్లినీ మరకనూ కలిపి కోసేసి, గోడలో మంచి సగం ఉంచింది. కుర్చీ చెయ్యి ఒకటి అంచున మిగిలిపోయింది. మళ్ళీ మొదటికొచ్చే ఓపిక లేక, కుదించి, అలాగే పార్కులో కూర్చుని ఎక్కించింది.

చాలాకాలం ఎవరూ పలకలేదు. చివరికి మిగ్దాలియా అనే ఆవిడ కబురు పెట్టింది. ఆమె ఇల్లు యుమురీ నదికి అవతల, తలుపు తీస్తే వీధే. ఫొటోలో రెండు గదులు, నీలం గోడలు. ముందుగా మొగుడూ పెళ్ళాలే ఆయాసపడుతూ ఎక్కివచ్చారు. ఆయన మరక ముందు నిలబడిపోయాడు.

"ఫొటోలో ఇది లేదు."

"అడ్డం కూచున్నాను బాబూ," అంది ఎదెల్మిరా. "మా పిల్ల నన్ను కూడా కోసిపారేసింది."

ఆయన పకపకా నవ్వాడు. మిగ్దాలియా నవ్వలేదు. బాల్కనీలోంచి చాలాసేపు కిందికి చూసి, వానాకాలం ఇక్కడ హాయిగా నిద్ర పడుతుందా అని అడిగింది. అదేం ప్రశ్నో ఒడాలిస్‌కు అర్థం కాలేదు.

మర్నాడు వంతెన దాటి ఆ ఇంటికి వెళ్ళాక అర్థమైంది. నీలం గోడల మీద, మోకాలి ఎత్తున, గది చుట్టూ తాడు పట్టి గీసినట్టు గోధుమరంగు గీత. నది వచ్చి నిలబడి వెళ్ళిన ఎత్తు. గీత కన్నా ముందు ఆమెకు గోడ గుర్తుకొచ్చింది. పంపిన ఫొటోలో పోల్చుకోలేదు గానీ, ఈ నీలం ఒకప్పుడు తన కంప్యూటర్ తెరమీద ఉంది. కింది అంచు తీసెయ్యమన్నారు, తీసేసింది.

"నన్ను గుర్తుపట్టలేదు కదా అక్కా," అంది మిగ్దాలియా. "ఆ గీత తీసిపెట్టింది నువ్వే."

కోపం తెచ్చుకోవడానికి కూడా కొంత బలం కావాలి. ఒడాలిస్ మంచం మీద చతికిలబడింది. మిగ్దాలియా రేషనులో వచ్చే బఠానీ కలిపిన కాఫీ ఇచ్చి ఏదీ దాచకుండా చెప్పింది. పెద్ద వానలకు నది లోపలికి వస్తుంది, కొన్నేళ్ళు రాదు. వచ్చిన రాత్రి పరుపు బీరువా మీదికి ఎక్కించి నిలబడే తెల్లవారుస్తారు. ఇక తనవల్ల కాదంది. నువ్వు మానుకున్నా తప్పు పట్టనని కూడా అంది.

తిరిగొచ్చి మెట్లెక్కుతూ, ప్రతి మలుపులోనూ రెయిలింగు పట్టుకు నిలబడుతూ, ఒడాలిస్ తల్లికి చెప్పబోయేదాన్ని కూడా కోస్తూ వచ్చింది. చిన్నిల్లు, నీలం గోడలు, గుమ్మం ముందే వీధి. అంతే చాలు. కానీ గోడలెట్టా ఉన్నాయని ఎదెల్మిరా అడిగేసరికి, దాచడానికీ శక్తి చాలక, ఉన్నదంతా చెప్పేసింది.

ముసలమ్మ కుర్చీ ఊపుకుంటూనే తేల్చేసింది.

"నీళ్ళు ఎప్పుడో వస్తాయి. మెట్లు రోజూ ఉంటాయి."

"వచ్చిననాడు నిన్నెక్కడ పెట్టనమ్మా?"

"బల్లమీద పెట్టు. కుర్చీలో మోయగా లేంది, బల్లమీద కూచోలేనా?"

ఇల్లు మారే రోజున మునుపటి ఇరుగుపొరుగువాళ్ళే కుర్చీలో మోశారు. బరువు తగ్గావే అవ్వా అన్నారు. రేషను తగ్గింది నాయనా అందామె. కొత్త గుమ్మం దగ్గరికి వచ్చాక లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు. వీధిలోనే దింపించుకుని, చెప్పులు విప్పి, ఎండకు వేడెక్కిన సిమెంటు మీద పాదాలు రెండూ ఆనించి కూర్చుంది. ఇక్కడికీ రొట్టెలవాడు వచ్చాడు, వేరేవాడు. కేక వేస్తూ ఎదురుగా ఆగాడు. ఎదెల్మిరా వాడి మొహంలోకి తేరిపార చూసి, రొట్టె అడగడం మరిచిపోయి, నీకు మీసాలున్నాయే అంది.

లోపల ఒడాలిస్ తల్లి మంచంకోళ్ళ కింద ఇటుకలు పెడుతోంది. వానలు ఇంకా రాలేదు. వంగి, పరుపు అంచునూ గోడమీది గీతనూ చేత్తో కొలిచి చూసింది. అన్నివైపులా ఇంకో ఇటుక వరస పడితే గానీ చాలదు. ఎక్కడో వెతికి తేవాలి. నడుమెత్తబోయి, పూర్తిగా ఎత్తలేక, కాసేపు ఆ మంచం మీదే కూర్చుంది.