కుచ్చిళ్లు జారిన ఆదివారం

ముందే చెప్పేస్తున్నాను, నాకు గోరంతను కొండంత చేసే అలవాటుంది. మా ఆవిడ నేనేం చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది. మీరు రెండుతో భాగిస్తే చాలు, ఇంకా కొత్త కదా.

పంజాగుట్టలో ఒక చీరల షాపులో రెండో అంతస్తుకు నేను ఇన్‌ఛార్జిని. ముందువైపంతా అద్దం. దానికి సరిగ్గా ఎదురుగా మెట్రో పట్టాలు. రైల్లో వాళ్లు చెయ్యి చాపితే మా పట్టుచీరల జరీ తగులుతుంది, అంత దగ్గర. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. చీర అమ్మే మగవాడు దాన్ని తన ఒంటి మీదే కట్టి చూపించాలి. ప్యాంటు బెల్టులో కుచ్చిళ్లు దోపి, కొంగు భుజాన వేసుకుని, అటూ ఇటూ తిరగాలి. నేను ఇప్పటిదాకా కట్టిన చీరలన్నీ ముడేస్తే లక్డీకాపూల్ దాకా వెళ్లి తిరిగొచ్చి, ఇంకా జాకెట్టు ముక్క మిగులుతుంది.

మొన్నీమధ్య ఒక కుర్రాడు చేరాడు. పొద్దున అమీర్‌పేట మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు, మధ్యాహ్నం నుంచి మా దగ్గర ఉద్యోగం. మంచి మాటకారి. బేరానికి వచ్చినవాళ్లు వాడి కబుర్లకు కొనడం మరిచిపోయి కూర్చునేవారు. చీర మాత్రం కట్టడు.

"గదొక్కటి నాతోని కాదు సార్. మా హాస్టల్ దోస్తులు గీ మెట్రోలనే పోతరు. ఒక్కడు వీడియో తీసిండంటే అమీర్‌పేట మొత్తం నా ఇజ్జత్ పోతది."

"ఏంటయ్యా, నేను ముప్పై ఏళ్లుగా కడుతున్నాను. నా పరువేమైనా పోయిందా?"

"మీ కాలంల మెట్రో లేకుండె గద సార్."

చీరను ప్లాస్టిక్ బొమ్మకు చుట్టి చూపించేవాడు. పెద్దవాళ్లు పెదవి విరిచి వెళ్లిపోయేవారు. చివరికి ఓనరుగారు నన్ను పిలిచి, "ఈ ఆదివారం లోపల వాడితో కట్టించండి. లేదంటే సోమవారం నుంచి రావద్దని చెప్పండి" అన్నారు.

ఆ మాట చెప్పగానే కుర్రాడి మొహం వాడిపోయింది. ఉద్యోగం పోతే హాస్టలు ఉండదు, హాస్టలు లేకపోతే కోర్సు సగంలో ఆగిపోతుంది. అయినా చీర మీద చెయ్యి వెయ్యలేదు. వారమంతా ఉపన్యాసాలు దంచాను. నా మాటలకు రెండు బొమ్మలు కంటతడి పెట్టాయి. వాడు మాత్రం టీ చప్పరిస్తూ, "మస్తు చెప్పిన్రు సార్" అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం ఒక పెళ్లికూతురు, వాళ్ల నాయనమ్మ వచ్చారు. ఆవపువ్వు రంగు పట్టుచీర మీద పిల్ల మనసు పడింది. కుర్రాడు దాన్ని బొమ్మకు చుట్టబోయాడు.

"బొమ్మకేంది బిడ్డా, ఏది చుట్టినా మంచిగనే ఉంటది. దానికి కడుపా, కాన్పా?" అంది ముసలమ్మ.

ఇక నా బ్రహ్మాస్త్రం తీశాను. చీర నేనే అందుకుని, కుచ్చిళ్లు కావాలనే వదులుగా దోపాను. రెండడుగులు వేశానో లేదో, మొత్తం జారి పాదాల మీద పడింది. పట్టుకోబోయి ఒంటికాలి మీద గెంతాను. ఆ గెంతుకు పంజాగుట్ట ఫ్లైఓవరు కంపించింది.

"ఓ సారూ, నిన్ను చూసినంక నాకు చీరలంటేనే ఇరక్తి పుడుతున్నది" అంది ముసలమ్మ. పిల్ల చెప్పుల వైపు చూసింది.

అప్పుడు కుర్రాడు ముందుకొచ్చాడు. "జర ఆగు అవ్వా. సార్, మీరు పక్కకు జరుగుండ్రి."

చీర లాక్కున్నాడు. వేళ్ల మధ్య కుచ్చిళ్లు పేకముక్కల్లా వరసగా పడ్డాయి. దోపాడు, కొంగు విసిరాడు, తిరిగాడు. చీరకు ప్రాణం వచ్చింది.

"యాడ నేర్చినవు బిడ్డా?"

"మా అమ్మ చీర కట్టుకుంటే కింద కూసొని కుచ్చిళ్లు పట్టేది నేనే అవ్వా. చిన్నప్పటి సంది."

సరిగ్గా అప్పుడే మెట్రో వచ్చింది. జనమంతా మా వైపు కిటికీలకు అతుక్కుపోయేసరికి రైలు పక్కకు ఒరిగింది. కుర్రాడు ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తర్వాత అద్దం వైపు తిరిగి, కొంగు సర్దుకుని నిలబడ్డాడు.

"పెండ్లి నీకా, నా మనుమరాలికా?" అని ముసలమ్మ పకపకా నవ్వి, చీర ప్యాక్ చెయ్యమంది.

సోమవారం వాడు వచ్చాడు. ఓనరుగారు, "ఎలా దారికి తెచ్చారండీ?" అని అడిగారు. పిల్లలకు పని చెప్పకూడదనీ, కళ్లముందే పాడుచేసి చూపిస్తే ఉండబట్టలేక వాళ్లే అందుకుంటారనీ, అది నా పద్ధతనీ సెలవిచ్చాను. అప్పటినుంచి కొత్తవాళ్లందరినీ నాకే అప్పగిస్తున్నారు.

ఇప్పుడు ఉన్నమాట ఒప్పుకుంటాను. రైలు ఒరిగింది, అందులో మార్పు లేదు. ఫ్లైఓవరు సంగతి మీ ఇష్టం. "కావాలనే" అన్నాను చూడండి, అదొక్కటే నా కల్పన. కుచ్చిళ్లు గట్టిగానే దోపుదామనుకున్నాను, పొట్ట అడ్డొచ్చి చెయ్యి బెల్టు దాకా వెళ్లలేదు.

ఆ సంగతి కుర్రాడికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. రోజూ షాపు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం నా వెనక నిలబడి, "ఊపిరి బిగవట్టుండ్రి సార్... ఆఁ, ఇగ దోపుండ్రి" అంటాడు.