మామ కడిగిన ఇసక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. చట్నీలో ఉప్పు తగ్గినా అరుస్తాను, బండికి ఎవడైనా అడ్డమొచ్చినా అరుస్తాను. అట్లాంటోణ్ని, నోరు తెరవాల్సిన ఒక్క చోట మాత్రం నాలుక లేనోడి మాదిరి గమ్మునుండిపోతిని. ఆ బాధ ఇంకా పోలేదు.

మామ అంటే మా ఆవిడ నాయన. వాళ్లది నగరి, నూలుకు రంగులద్దే కుటుంబం. మాది బంగారుపాళ్యం పక్కన మామిడితోటల ఊరు. కులాలు వేరైనా తిరుపతిలో చదువుకునేటప్పుడు ఇష్టపడి పెండ్లి చేసుకున్నాం. మా వాళ్లు కొన్నాళ్లు తిట్టి, ఏడ్చి, చివరకు దారికొచ్చినారు. మామ తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. నేను నగరి పోతే "రాండి, కూర్చోండి" అని కుర్చీ వేసి, ఆయన లేచి అద్దకం షెడ్డులోకి పోతాడు. మా గడప మాత్రం తొక్కలేదు. తిట్టినోడితో తగువన్నా పడొచ్చు, ఇంత మర్యాద చేసేటోడితో ఏం పడతాం?

పోయిన ఎండాకాలంలో ఆ మనిషి పళ్లు కట్టించుకోవడానికి తిరుపతి వచ్చినాడు. అద్దకం షెడ్డు అప్పటికే మూతపడి ఉండాది. పళ్ల డాక్టరు కొలతలు తీసుకుని మళ్లీ మళ్లీ రమ్మన్నాడంట. మా ఆవిడ పట్టుబట్టి ఇంట్లోనే ఉంచుకునింది. ఆయన వరండాలో ఒక మూల కూర్చుంటాడు, పిలిస్తే వచ్చి తింటాడు, తిన్న తట్ట తనే కడిగి పెడతాడు. కూతురింట్లో ఊరికే కూర్చుని తినడం ఆయనకు ముల్లు మీద కూర్చున్నట్టు ఉండేది.

సరిగ్గా ఆ వారమే నేను చేపలతొట్టి కొన్నాను. మామూలు తొట్టి కాదు, ఉప్పునీళ్లది, సముద్రపు చేపలది. మాకు తెలిసిన ఒకాయన ట్రాన్స్‌ఫరై పోతా అమ్మేసినాడు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు, కొన్ని రాళ్లు, అడుగున ఇసక, అన్నీ కలిపి. వేసవిలో మనుషులే నీళ్ల ట్యాంకరు కోసం కొట్లాడుతుంటే చేపలకు ఉప్పు కలిపిన నీళ్లా అని మా ఆవిడ మొహం మాడ్చుకునింది.

ఆ ఇసకను చూస్తే ఎవరికీ తాకబుద్ధి కాదు. ఒకప్పుడు తెల్లదంట. ఇప్పుడు పైనంతా గోధుమరంగు, అద్దం పక్కన పచ్చగా పాకుడు, అడుగున బొగ్గు మాదిరి నలుపు. కదిలిస్తే మురిగిన కోడిగుడ్డు వాసన. అమ్మినాయన వివరంగానే చెప్పినాడు: అడుగున నల్లది తీసి పారేయండి, పైది మటుకు తొట్టిలోని ఉప్పునీళ్లతోనే కాస్త జాడించి వాడుకోండి, కొళాయి నీళ్లు తగలనీయకండి. చేపలు విడిచే మలినాన్ని తినే సూక్ష్మజీవులన్నీ ఆ ఇసకలో, ఆ రాళ్లలోనే ఉంటాయంట. అవి పోతే ఆ మలినమే విషమై చేపల్ని చంపుతుందంట.

ఇసక, రాళ్లు, చేపలు వేరువేరు బకెట్లలో తెచ్చి వరండాలో దించినాను. మామ లేచి వచ్చి పిడికెడు ఇసక తీసి వేళ్ల మధ్య నలిపి చూసినాడు. ఏండ్ల తరబడి రంగుల్లో నానిన వేళ్లు అవి, గోళ్ల కింద ఇంకా నీలం ఉండాది. ఇంత మాసిన దాంట్లో చేపలు ఎట్లా బతుకుతాయప్పా అన్నాడు. నువ్వు ఆఫీసుకు పో, దీని సంగతి నేను సూస్తా అన్నాడు. మా పెండ్లయినాక ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు. నాకు ఒళ్లు పులకరించింది. ఎక్కువ కడగొద్దన్నాడు మామా అని సణిగినాను గానీ, అమ్మేటోడు కడగమంటాడా, వాని బద్ధకం బయటపడదా అని ఆయన నవ్వితే నేనూ నవ్వేసి బండెక్కినాను.

సాయంత్రం వచ్చేసరికి మిద్దె మీద పాత చీర పరిచి ఇసక ఆరబోసి ఉండాది. చక్కెర మాదిరి తెల్లగా! రాళ్లను గూడా బ్రష్షుతో తోమి వరసగా పెట్టినాడు. మిద్దంతా బ్లీచింగ్ పౌడరు వాసన. రంగు వేసే ముందు నూలును తెల్లగా చేయడం ఆయన పుట్టినప్పటినుంచి చేసిన పని. మరక మిగిలితే రంగు పట్టదని వాళ్ల నమ్మకం. నీళ్లు తేటగా దిగేదాకా కడిగినా, ఎట్లుండాది అని బోసినోటితో నవ్వినాడు. చంటిబిడ్డ నవ్వినట్టు ఉండాది.

అప్పుడు చెప్పాల్సింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని నాకు తెలుస్తానే ఉంది. అయినా మా పక్క అల్లుడు మామకు ఎదురు చెప్పడు. అందులోనూ ఇన్నేండ్లకు మాట కలిపిన మామ. ముత్యాల మాదిరి ఉండాది మామా అన్నాను.

ఆ తర్వాత కొన్ని దినాలు నా జన్మలో మరిచిపోలేను. తెల్ల ఇసక మీద ఆ నారింజ చేపలు తిరుగుతుంటే ఇద్దరం తొట్టి ముందర కూర్చునేవాళ్లం. ఈ రంగు మేము ఎంత కష్టపడినా తేలేకపోయినాం, తడి మీద దగ్గరికొస్తాది, ఆరితే పారిపోతాదని చెప్పినాడు. నేను ఆఫీసునుంచి వచ్చేదాకా అన్నానికి కూర్చోకుండా కాచుకునేవాడు. మా ఆవిడ వంటింట్లోంచి మమ్మల్ని తొంగిచూసి కండ్లు తుడుచుకునేది.

తర్వాత నీళ్లు పలచని గంజి మాదిరి మసకబారినాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉండినాయి. మిద్దెక్కి అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఆయన చెడామడా తిట్టినాడు. చిత్తూరులో ఇట్లాంటి తొట్టి ఉన్న ఆయన ఉన్నాడు, ఇప్పుడే పోయి ఆయన దగ్గర పాత ఇసక, పాత రాళ్లు తెచ్చి వేస్తే బతకొచ్చు అన్నాడు. చిత్తూరు ఎంత దూరమని? కానీ మామ పాలపొడి మాదిరి తెల్లగా చేసిన ఇసక మీద, ఆయన కండ్ల ముందరే, మళ్లీ ఆ గోధుమరంగు మురికిని ఎట్లా పోసేది? నీ పని పనికిరాలేదని మొహాన చెప్పినట్టే గదా. రెండు మూడు దినాల్లో పళ్లు వస్తాయి, ఆయన ఊరికి పోతాడు, అప్పుడు తెద్దామనుకున్నాను. అంతవరకు ఆయన టీ తాగను పోయినప్పుడల్లా దొంగచాటుగా సగం నీళ్లు మారుస్తా ఉంటిని.

చేపలు అంతదాకా ఆగలేదు. ఒకటి పోయిన మరుసటి పొద్దే రెండోదీ పోయింది. ఏం రోగమో పాపం అని మామ అంటుంటే, నా ఫోన్ మాటలు విని ఉన్న మా ఆవిడ ఆపుకోలేకపోయింది. రోగం కాదు నాయనా, నీ బ్లీచింగ్ పౌడరే అని అరిచేసింది. పాత ఇసక కోసం చిత్తూరు పొమ్మన్నా నీ అల్లుడు పోలేదని అదీ చెప్పేసింది. మామ నా వైపు చూసినాడు. నేను తల దించుకున్నాను. మర్నాడు కొత్త పళ్లు పెట్టించుకుని, అట్నుంచి అటే బస్టాండుకు పోయినాడు.

మళ్లీ రాలేదు. దసరాకు నేనే నగరి పోయినాను. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఈసారి షెడ్డులోకి పోలేదు, ఎదురుగానే కూర్చున్నాడు. నేను నేల చూపులు చూస్తా, మీరు నొచ్చుకుంటారనే చెప్పలేదు మామా అన్నాను.

"నా కూతురు అరిసింది సూడు, అది నాకు నొప్పి గాలా. బిడ్డ గాబట్టి అరిసింది" అన్నాడు. "నువ్వు గూడా అరిసుంటే, ఆ పొద్దే ఇసకను పారబోసి నీ వెంట చిత్తూరుకు వచ్చుందును. రెండు ప్రాణాలు పోయినా పర్వాలేదు గానీ నాకొక మాట చెప్పకూడదనుకున్నావు. అంత మర్యాద పరాయోడికే గదప్పా చేసేది."

నిజమే మామా, తప్పయిందనాలి. అట్లా కాదని కొట్లాడనన్నా కొట్లాడాలి. రెండిట్లో ఏదన్నా ఆయనకు చాలు, దానికోసమే నా మొహంలోకి చూస్తా కూర్చున్నాడు. చట్నీలో ఉప్పు తగ్గితే ఇల్లెగిరేలా అరిచే నేను, పెద్దాయన ముందర నోరెత్తకూడదని ఆ పొద్దూ తలొంచుకునే కూర్చున్నాను. కాసేపు చూసి ఆయన లేచినాడు. బస్సుకు టైమైతా ఉంది, జాగ్రత్తగా పోండి అన్నాడు.