మూడో రైడ్‌కు మాత్రమే

2021 చివర్లో సూరత్‌లోని ఒక కబడ్డీ జట్టు నన్ను ఎడమ కార్నర్‌గా తీసుకుంది. ఆ తర్వాత ముప్పై నిండకుండానే రిటైరయ్యాను. మా వృత్తిలో ఆ వయసును మోకాలు నిర్ణయిస్తుంది.

కార్నర్ అంటే కోర్టు అంచున కాచుకుని, కూతకొచ్చిన రైడర్ చీలమండ పట్టేవాడు. అయితే నన్ను ఆట మొత్తానికీ తీసుకోలేదు. ఒక జట్టు వరసగా రెండు రైడ్లలో పాయింటు తేకపోతే మూడోది ‘డూ ఆర్ డై’. ఈసారీ తేకపోతే రైడర్ అవుట్. కాబట్టి మధ్య గీత దగ్గర తచ్చాడి వెళ్లిపోవడం కుదరదు, లోపలికి రావాల్సిందే. ఎదుటి జట్టుకు ఆ గతి పట్టినప్పుడే నేను దిగాలి, పట్టాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. మిగతా సమయమంతా కరోనా మాస్కు వెనక ఆందోళన పడటం నా డ్యూటీ. అది మాత్రం నిష్ఠగా చేశాను.

మమ్మల్ని డుమస్ రోడ్డులో ఒక హోటల్లో బయట మనిషి తగలకుండా ఉంచారు. ఖర్చు పెరిగింది కనక తర్వాతి మ్యాచ్ అయ్యాక ఇద్దరిని ఇంటికి పంపుతామని మేనేజర్ ముందే చెప్పాడు. మా ఇల్లంటే అదే ఊళ్లో పాండేసరలో ఒక గది. నాన్న పనిచేసే, బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లు సగం షిఫ్టులే నడుస్తోంది. ఇంట్లో పూర్తి జీతం నాదొక్కటే.

ఆ మ్యాచ్‌లో రెండుసార్లు దిగాను. రెండుసార్లూ రైడర్ నా వైపు రాలేదు. ప్రేక్షకుల్లేని స్టేడియంలో కోచ్ నన్ను పిలిచిన కేక అవతలివాళ్లకూ వినబడింది. నేనెందుకు దిగానో అందరికీ తెలుసు. అతను మా కుడివైపు వెళ్లి, ఒకణ్ణి తాకి, సుఖంగా తిరిగెళ్లాడు.

చివరి నిమిషంలో మాకు ఒక్క పాయింటు ఆధిక్యం. వాళ్లకు మళ్లీ డూ ఆర్ డై. కుడి కార్నర్‌లో మా కెప్టెన్ మల్లేశన్న, సిరిసిల్ల మనిషి. దిగుతూనే ఆయనతో మొరపెట్టుకున్నాను.

“అన్నా, వాడు నా దిక్కే వస్తలేడు. రేపు నా బ్యాగు సర్దుడే.”

“రాకుంటే మంచిదే కదరా. నువ్వు జర ముందుకొచ్చి కోపంగ నిలవడు.”

“కోపం రాదన్నా, భయమైతుంది.”

“గదే మొఖం పెట్టు. దూరం నుంచి రెండూ ఒక్కతీర్గనే కనవడ్తయ్.”

రైడర్ కూత పెడుతూ వచ్చాడు. నన్ను చూసి మా కుడివైపుకు తిరిగాడు. తిరుగుతాడని తెలిసిన మల్లేశన్న అప్పటికే అరడుగు లోపలికి జరిగి ఉన్నాడు; తొడ పట్టేశాడు. మిగతావాళ్లు మీద పడ్డారు. నేను అక్కడికి చేరేసరికి విజిల్ ఊదేశారు. గెలిచాం.

మేనేజర్ పిలిచి, మూడుసార్లు దిగి ఒక్కణ్ణి కూడా ముట్టుకోలేదేమని అడిగాడు. దేశమంతా ఎవరినీ ముట్టుకోనివాణ్ణి మెచ్చుకుంటున్న రోజుల్లో, అందుకే ఉద్యోగం ఊడబోతున్నది బహుశా నాకొక్కడికే. మల్లేశన్న అడ్డుపడి, నేను ఎడమవైపు నిలబడకపోతే రైడర్ ఎటు వెళ్లేవాడో తనకు తెలిసేది కాదని హిందీలో చెప్పాడు. మర్నాడు పంపిన ఇద్దరిలో నేను లేను.

అవసరానికి మాత్రమే దింపే ఆటగాడి పని పట్టుకోవడమే అనుకునేవాణ్ణి. ఎదుటివాడికున్న దారుల్లో ఒకటి మూసెయ్యడం కూడా పనేనని ఆ రోజు తెలిసింది. కాకపోతే ఆ పని పాయింట్ల పట్టికకు ఎక్కదు. పక్కన ఆడినవాడు నోరు తెరిచి చెబితేనే ఎక్కుతుంది.