మాటకీ మాటకీ మధ్య ఖాళీ

నేను ఇంగ్లీషు చెప్పే కాలేజీలో, లాంగ్వేజ్ ల్యాబ్ కంప్యూటర్లలో ఎవరో దొర చదివిన ఉచ్చారణ పాఠం ఉండేది. ‘షిప్’ అంటాడు, కాసేపు ఆగుతాడు. ఆ ఖాళీలో పిల్లలు అదే మాట తిరిగి పలకాలి. తర్వాత ‘షీప్’. సాగదీస్తే సరిపోదు, నాలుక కూడా కాస్త పైకి లేవాలి. ఒక్క శబ్దం మారితే ఓడ కాస్తా గొర్రె అయిపోతుంది. అలా అర్థం మార్చే శబ్దాన్నే ఫోనీమ్ అంటాం. మావాళ్లు వింటేనా! దొర నోరు తెరిస్తే చాలు, ఒకటే ఇకిలింపులు. నాకు ఒళ్లు మండి, క్లాసులో నాలుక బాగా తిరిగే అమ్మాయి చేత అవే మాటలు చదివించి రికార్డు చేశాను. ఖాళీలు కూడా అలాగే వదిలించాను. తమలో ఒకతి గొంతు కదా, అందరూ బుద్ధిగా పలికారు.

ఆ వేసవి సెలవుల్లో చిలకలూరిపేట హైవే మీద ఆ పిల్ల వెళుతున్న బండిని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది.

కాలేజీ తెరిచాక ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పని ఆవిడది. చీరలోంచి వచ్చిన ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు.

“మేడంగారూ, మా పాప గొంతు మీ కంప్యూటర్లో ఉందంటగా! ఫోను కూడా నుజ్జయిపోయిందమ్మా. దాని మాట ఒక్కటి కూడా మాకు మిగల్లా. ఒక్కసారి వినిపించరా?”

“అందులో పాఠం తప్ప ఏమీ లేదండీ,” అన్నాను.

“ఏదైతే ఏందమ్మా, దాని నోటి మాటేగా!”

ఆవిడకి హెడ్‌ఫోన్స్ పెట్టి, నేనూ ఒకటి పెట్టుకున్నాను.

‘షిప్,’ అంది పిల్ల. ఆగింది.

“ఆఁ,” అంది తల్లి.

‘షీప్.’

“ఆఁ, చెప్పమ్మా.”

తిరిగి పలకమని నేను పెట్టించిన ఖాళీలవి. ఆవిడేమో బదులిస్తోంది.

‘ఫిల్.’

“తిన్నాలే.”

‘ఫీల్.’

“నాన్న బాగానే ఉన్నాడు. పనికి పోతన్నాడు.”

తల్లి చెప్పేదంతా విన్నాకే పిల్ల తర్వాతి మాట అందుకుంటున్నట్టుంది. నాకు నిజంగా భయమేసింది. ఆపేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను గానీ, ఆవిడ మొహం చూశాక వేలు కదల్లేదు. ఎన్నాళ్లకో కూతురితో మాట్లాడుతున్న తల్లి మొహం అది.

‘పుల్.’

“ఆఁ.”

‘పూల్.’

“ఆఁ, ఇంకా?”

పాఠంలో ఆఖరి మాట అదే. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకుని కాసేపు ఎదురుచూసింది. తర్వాత మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు అడిగింది:

“ఏమ్మా, అలిగావా?”