కరీం సాబ్ వంతు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అంటారు. బత్తలపల్లె దగ్గరి ఆ చిన్న పల్లెలో ఉలిపికట్టె ఎవరంటే కరీం సాబ్ పేరే చెబుతారు. వయసులో ఉన్నప్పుడు తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టి, మేస్త్రీల తిట్లు కడుపునిండా తిని వచ్చాడు. మనిషి మీద మనిషి పెత్తనం ఎందుకన్నదే ఆయన ఎప్పుడూ అడిగే మాట.

ఉమ్మడి బోరు వేసినప్పుడు స్టార్టరు పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని పెద్ద రచ్చ అయింది. ఎక్కువ పొలమున్న దివాకర్ చెయ్యి చాచాడు. కరీం సాబ్ అడ్డుపడ్డాడు.

"తాళమే వద్దప్పా. మన వంతు తడి అయిపోతానే మనమే పోయి తర్వాతోళ్లని ఇంటికాడ పిలుద్దాం. అంతే."

"తల లేకుండా మొండెం నడుస్తాదా సాబ్?" అని దివాకర్ నవ్వాడు.

నడిచింది. కాకపోతే జనం ఊరుకుంటారా, ఆయన్నే తల చేసుకున్నారు. కాలవ తెగినా, కరెంటు పోయి వంతు సగంలో ఆగినా ఆయన గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకు టీ కాచలేక భార్య గౌస్‌బీ, "పెద్దరికం వద్దంటానే పెద్దమనిషివి అయినావే" అని ఎత్తిపొడిచింది. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. "ఇంక నా కాడికి రావద్దండి. బోరు కాడనే మీలో మీరు తేల్చుకోండి" అని అందరికీ చెప్పేశాడు. నిజంగానే రావడం మానేశారు.

తర్వాత గౌస్‌బీ పోయింది. ఆమె లేని చేనిలోకి ఆయనకు కాళ్లు రాలేదు. బీడు పెట్టి, తన వంతు వదులుకున్నాడు. వానలు మొహం చాటేసిన ఆ ఏడు గొడవలు ముదిరి మళ్లీ తన దగ్గరికే వస్తారని భయపడ్డాడు. భయమో, ఆశో. వాళ్లు అరుచుకున్నారు, తిట్టుకున్నారు, చివరికి వంతులు కుదించుకున్నారు. ఆయన్ను ఒక్కమాట అడగలేదు.

"గెలిచినావు గదా సాబ్! నేనూ నా వంతుకు పిలిస్తేనే పోతాండా" అన్నాడు దివాకర్, దారిలో ఎదురుపడి.

గెలిచిన మనిషి ఇంటికొచ్చి, ఒక్క గ్లాసు టీ కాచుకుని, గోడ వైపు చూస్తూ తాగాడు. పెత్తనం లేని ఊరు ఆయన కోరుకున్నదే. తలుపు తట్టేవాళ్లు లేని ఇల్లు మాత్రం ఆయన కోరలేదు. తెల్లారగట్ల వంతు పిలుపులు ఆయన తలుపు దాటుకుని పక్కింటికి పోతుంటే ఏడుపొచ్చేది.

ఒకరోజు బోరు కాడికి పోయి అందరి ముందూ నిలబడ్డాడు.

"కాలెకరాలో టమాటా పెడతా. నాకూ వంతు ఇయ్యండప్పా."

"ఉండేవే నాలుగు చుక్కలు. ఈ వయసులో నీకు టమాటాలు ఎందుకు సాబ్?" అన్నారొకరు.

పక్క చేను బయమ్మ కరీం సాబ్ మొహం చూసింది. "నా వంతులో సగం తీసుకోనీ. నేనే పోయి పిలుస్తా" అంది.

మరునాడు కోడి కూయకముందే ఆయనకు మెలకువ వచ్చింది. చొక్కా తొడుక్కుని, పార పట్టుకుని, తలుపు తీయకుండా మంచం మీదే కూర్చున్నాడు.

"సాబ్! నీ వంతు వచ్చిండాది, లెయ్!" బయట నుంచి బయమ్మ పిలిచింది.

కరీం సాబ్ పలకలేదు. ఇంకోసారి పిలవనీ అని కూర్చున్నాడు.