ముగ్గుతో గీసిన వంటిల్లు

మా అక్కయ్య పోయిందన్న మాట నాకు పొయ్యి దగ్గరే తెలిసింది. బెజవాడ ఆసుపత్రికి పంపడానికి జావ కాస్తున్నాను. వానకి తడిసిన మామిడి కట్టెలు ఎంత ఊదినా అంటుకోక, కళ్ళ నిండా నీళ్ళతో ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నాను. మా బావగారు గుమ్మం దగ్గర నిలబడి, "ఇంక జావ ఎందుకులే అమ్మాయ్" అన్నారు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చే మనిషి కాదు. పొగకి కారే నీళ్ళు ఎక్కడ ఆగాయో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. కొత్త వంటింట్లో పాలు పొంగించే ముహూర్తం ఇంకా తొమ్మిది రోజులు ఉంది.

అక్కయ్య అంటే నా తోడబుట్టినది కాదు. మా బావగారి భార్య, నా పెద్ద తోడికోడలు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ముసునూరు దగ్గర మా ఊళ్ళో ఆమె అంత ఎత్తు ఆడమనిషి ఇంకొకరు లేరు. నేను ఆమె భుజం దాకా కూడా రాను. మేమిద్దరం కలిసి పేరంటానికి వెళ్తే పిల్లలు నవ్వేవారు. పాత వంటింటి గుమ్మం పొట్టిది. రోజూ లెక్కలేనన్ని సార్లు వంగి లోపలికి వెళ్తూ, "ఈ ఇంట్లో నేను తల వంచింది ఈ గుమ్మం ఒక్కదానికే" అనేది. మా అత్తయ్య వినేలాగానే అనేది.

ఆ వంటిల్లు ఎలాంటిదో చెప్పాలి. మూడు మట్టి పొయ్యిలు, తలకి తగిలే పెంకుల కప్పు, ఒక్క కిటికీ లేదు. మామూలు రోజుల్లో ఇంట్లోవాళ్ళకే వంట. మామిడి కోతలప్పుడు తోటలో కోసేవాళ్ళకి, బుట్టలు సర్దేవాళ్ళకి, లారీలకి ఎత్తేవాళ్ళకి కూడా అక్కడే వండాలి. పొగ బయటికి పోవాలంటే మేము లోపలికి వచ్చిన గుమ్మంలోంచే పోవాలి. నేను కాపురానికి వచ్చేసరికే అక్కయ్యకి దగ్గు ఉంది. చింతలపూడిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం రెండో రోజుకల్లా తగ్గిపోయేది. అక్కడ గ్యాస్ పొయ్యి ఉంది. తిరిగొచ్చిన మర్నాడు మళ్ళీ మొదలు. ఇందులో డాక్టరు చెప్పాల్సింది ఏమీ లేదు, ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ అందరం ఆమె వండింది తిన్నాం.

కొత్త వంటిల్లు కట్టిద్దామని బావగారు ఒప్పుకున్న రోజున అక్కయ్య కాగితం, పెన్సిలు అడగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరడంతా ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గుడబ్బా తెచ్చి, నేల మీద అసలు కొలతలతో వంటిల్లు గీసింది. ఇక్కడ గోడ, ఇక్కడ గుమ్మం, తూర్పుకి ఒక కిటికీ, దక్షిణానికి ఇంకొకటి. ఆగ్నేయం మూల గట్టు. మామిడికాయల బుట్ట బోర్లించి దాన్ని గ్యాస్ పొయ్యి అంది. సిలిండరుకి బిందె పెట్టింది. ఇంక ఏ సామానూ దొరక్క నన్ను పిలిచింది.

"నువ్వు ఫ్రిజ్‌వి. ఆ మూల నిలబడు."

"ఎంతసేపు అక్కయ్యా?"

"ఫ్రిజ్‌లు మాట్లాడవు."

అలా నిలబడ్డాను. ఆమె ముగ్గుగీతల లోపల తిరుగుతూ ఉత్తుత్తి పప్పు కడిగింది, ఉత్తుత్తి పోపు పెట్టింది, వెనక్కి తిరిగేసరికి నన్ను గుద్దుకుంది. "ఫ్రిజ్ ఇక్కడ అడ్డం" అని నన్ను గుమ్మం పక్కకి జరిపించి, పాత గీత కాలితో చెరిపి కొత్త గీత పోసింది. "వంటింటి కొలత టేపుతో రాదే, కాళ్ళతో వస్తుంది" అంది. అది మొదలు, నాలుగైదు నెలలకోసారి ఆ వంటిల్లు మా పెరట్లో మొలిచేది. కోళ్ళు తొక్కేవి, వాన కడిగేది. ఆమె మళ్ళీ గీసేది. ఆ గీతల మధ్య ఉన్నంతసేపూ ఆమె దగ్గినట్టు నాకు గుర్తు లేదు. ఆరుబయట కదా.

సామాను చూడటానికి ఒకసారి హనుమాన్ జంక్షన్ వెళ్ళాం. కొత్తగా పెట్టిన కొట్లో మిక్సీలు వరసగా పెట్టి ఉన్నాయి. అక్కయ్య సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటండీ ఇది?" అన్నాడు కొట్టతను.

"మినప్పప్పండీ. నానబోసి తెచ్చాను. ఒకసారి తిప్పి చూపించండి."

"కొత్త మిక్సీ అండీ. తిప్పితే ఇంకొకళ్ళు కొనరండీ."

"తిప్పకపోతే నేను కొననండీ."

పాపం తిప్పాడు. ఆమె పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "వేడెక్కింది. దీంతో గారెలు రావు" అని తేల్చేసింది. ఆ పక్కన ఫ్రిజ్ తలుపు తీసి కాసేపు లోపలికి చూసింది. "నిన్న మిగిలిన కూరకి ఇంత మంచి ఇల్లు కట్టారు. ఇవాళ్టి కూర వండేదానికే లేదు" అంది. నేను నవ్వాను. కొట్టతను కూడా నవ్వాడు. ఏమీ కొనకుండా, ఆ పిండి మాత్రం డబ్బాలో తిరిగి తెచ్చుకుని, సాయంత్రం అట్లు పోసింది.

ఇంక నేను చెప్పలేక చెప్పలేక చెప్పే సంగతి ఉంది. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే గునపం దించకూడదని మా వైపు పట్టింపు. నేల తవ్వినా, గోడ పగలగొట్టినా బిడ్డకి కీడంటారు. పునాది తీయడానికి మేస్త్రి వచ్చిన రోజు పొద్దున అక్కయ్య చారుకి ఇంగువ పోపు పెట్టింది. ఆ వాసనకి నేను పెరట్లోకి పరిగెత్తాను. ఆమె వెనకాలే వచ్చి, వాంతి అయ్యేదాకా నా నుదురు పట్టుకుంది. తరవాత అడిగింది.

"ఎన్నాళ్ళయిందే?"

"నెల దాటింది."

"అత్తయ్యకి చెప్పావా?"

"లేదు."

మేస్త్రి అప్పటికే తాడు కట్టి, గునపం చేతిలోకి తీసుకున్నాడు. పది రోజులు ఇద్దరం నోరు మూసుకుంటే పునాది లేచేది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. మొదటి కాన్పు, నాకూ భయమే. అక్కయ్య చీర కొంగుతో నా మూతి తుడిచి, అటు తిరిగి, "మేస్త్రీ, ఇవాళ వద్దులే. మళ్ళీ కబురు చేస్తాను" అంది. అంత తేలిగ్గా అంది. ఐదో నెలలో ఆ బిడ్డ నాకు దక్కలేదు. దాని కోసమే వంటిల్లు ఆగిందని ఆమె ఒక్కసారైనా ఎత్తిపొడిచి ఉంటే నేను కాస్త తేలికపడేదాన్ని. ఎప్పుడూ అనలేదు. రెండేళ్ళ తరవాత మళ్ళీ మేస్త్రిని పిలిచే వేళకి మళ్ళీ నేనే అడ్డం. ఈసారి నా కూతురు పుట్టింది.

ఆ కూతురు నా కడుపులో ఉండగానే, ఎప్పుడో పేరు రాయించిన గ్యాస్ వచ్చింది. నూజివీడు నుంచి సిలిండరూ పొయ్యీ ట్రాక్టరులో తెచ్చారు. మా ఆయన ఉత్సాహంగా, "వదినా, పాత వంటింట్లోనే బల్ల వేయిస్తాను. రేపటినుంచే వండుకో" అన్నారు. అక్కయ్య వద్దంది.

"ఇక్కడ పెడితే పొగ పోతుందయ్యా. పొగ పోతే మీ అన్నయ్య కొత్త వంటింటి మాట ఎత్తుతారా?"

అందరం నవ్వాం. తెలివైన మాటలాగే వినపడింది. పొయ్యి పెట్టె విప్పకుండానే అక్కయ్య మంచం కిందికి తోశారు, పక్కనే సిలిండరు. ఆ తరవాత నా బాలింతతనం, పిల్ల నెలలు, ఒక ఏడు పూత మాడిపోవడం, ఒక ఏడు మూఢం. రెండేళ్ళ పైన ఆ పెట్టె అక్కడే ఉంది. దాని మీది మంచం మీదే పడుకుని ఆమె దగ్గింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆమె మీద కోపం వస్తుంది. చనిపోయిన మనిషి మీద కోపం ఏమిటంటారేమో. వస్తుంది. పెట్టె విప్పి, పొయ్యి వెలిగించి, "ఇంక ఇక్కడే వండు" అని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడానికి నాకు ఏం అడ్డమొచ్చింది? అందుకే ఆ కోపం కాసేపటికి నా మీదికే తిరుగుతుంది.

మొన్న మాఘంలో ఎట్టకేలకు గునపం దిగింది. అప్పటికి అక్కయ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుని కట్టించింది. గట్టు ఎత్తు చూడటానికి మాత్రం లేచి నిలబడింది. మేస్త్రి జనపతాడు నేల నుంచి పట్టి, ఆమె చేతికి అందే చోట ముడి వేశాడు.

"ఇంత ఎత్తయితే చిన్నమ్మగారికి అందదండీ" అన్నాడు నన్ను చూసి.

"నా నడుం ఇంక వంగదయ్యా. నా ఎత్తుకే కట్టు."

ఆమె ఆ తాడు తీసుకుని నా పక్కన నిలబెట్టి, నాకు అందే చోట తన చేత్తో ఇంకో ముడి వేసింది. రెండు ముడులకీ మధ్య జానెడుకి కొంచెం తక్కువ. "ఇదీ నీకూ నాకూ తేడా" అని ఎగతాళి చేసి, ఆ తాడు చుట్టి బొడ్లో దోపుకుంది. నవ్వబోతే దగ్గు వచ్చి మళ్ళీ కూర్చుండిపోయింది.

గట్టు మీద కడప రాయి పరిచారు. కిటికీలు పెట్టారు. గుమ్మం ఆమె తల కంటే ఎత్తుగా పెట్టించింది. సున్నాలు వేస్తుండగా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బయల్దేరేముందు కారు ఆపించి, "సింకు కింద నీళ్ళు నిలుస్తున్నాయేమో చూడు" అని నాకు పని చెప్పింది. అవే నాతో అన్న ఆఖరి మాటలు. చూశాను. నిలవడం లేదు. ఆ సంగతి వినడానికి ఆమె తిరిగి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక పంతులుగారు, ఏడాది దాకా కొత్త వంటింట్లో పాలు పొంగించకూడదన్నారు. అత్తయ్య తాళం వేయించింది. గ్యాస్ అక్కడ బిగించి సిద్ధంగా ఉంది. దాన్ని పాత వంటింట్లోకి మార్పిద్దామన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇక్కడ పెడితే ఇంక అక్కడికి వెళ్ళం అన్న అక్కయ్య మాటే నాకు అడ్డమొచ్చింది. అది ఎంత తెలివితక్కువ మాటో తెలిసీ, దాని ఫలితం చూశాక కూడా. పోయినవారం నుంచి నాకూ పొద్దున్నే దగ్గు వస్తోంది. పిల్లని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. చేయగలిగింది అంతే.

మొన్న బూజు దులపాలని తాళం అడిగి లోపలికి వెళ్ళాను. గట్టు నాకు ఛాతీ దాకా వచ్చింది. కింద, సిలిండరు పక్కన, మామిడి చెక్కతో చేసిన చిన్న పీట ఉంది. వడ్రంగి అల్మరా తలుపులతో పాటు చేసి పెట్టాడట. దాని కాలికి జనపతాడు చుట్టి ఉంది, రెండు ముడులతో. కొలత కోసం అక్కయ్యే ఇచ్చి ఉంటుంది.

పీట ఎక్కాను. గట్టు నా చేతికి సరిగ్గా అందింది. రెండు కిటికీల్లోంచీ గాలి వస్తోంది. అగ్గిపెట్టె కూడా గట్టు మీదే ఉంది.

"అమ్మాయ్, పొయ్యి ఆరిపోతోంది" అని అత్తయ్య కేకేసింది. పీట దిగి, గట్టు కిందికి తోసి, తాళం వేసి, పాత వంటింటికి వచ్చి ఊదుగొట్టం అందుకున్నాను.